మొక్కుల మిల్కా అత్తయ్య

మా మిల్కా అత్తయ్యకున్నది ఒకే ఒక్క వ్యసనం: మొక్కుకోవడం. అలీబాగ్ బస్సు వేళకు వస్తే ఏలీయా ప్రవక్తకు మలీదా. కుక్కరు మొదటి కూతకే పప్పు ఉడికితే మలీదా. పక్కింటి పిల్లి మా చేపల బుట్టను చూసి తల తిప్పుకుంటే రెండు మలీదాలు.

మొక్కు తీరిందంటే అటుకులు కడిగి, కొబ్బరి కోరి, బెల్లం కలిపి మలీదా చేసి, ఐదు రకాల పళ్ళు పేర్చి, ఆపైన అన్నం, కొబ్బరిపాల కూర వండి, ప్రార్థనాలయంలో పదిమంది మగవాళ్ళను పోగుచేసేది. కొంకణ తీరపు యూదులం మేము. పదిమంది లేనిదే మాకు సామూహిక ప్రార్థన మొదలు కాదు. ఆ పదిలో ఆడవాళ్ళను లెక్కించకపోవడంపై నా అభ్యంతరం అలాగే ఉంది. అది వేరే కేసు.

న్యాయశాస్త్రం చదివొచ్చిన నాకు ఈ మొక్కులంటే ఒళ్ళుమంట. "ప్రవక్త ఏమైనా బస్సు డిపో మేనేజరా అత్తా?" అని ఒకసారి నిలదీశాను.

"ఆ మేనేజరును అడిగితే ఏనాడైనా వచ్చిందా బస్సు?" అంది, కొబ్బరి కోరడం ఆపకుండా.

ఆ ఏడే బొంబాయిలోని ధర్మకర్తలు మా ప్రార్థనాలయాన్ని అమ్మడానికి ధర్మాదాయ శాఖ అనుమతి కోరారు. సగం మంది ఇజ్రాయెల్ వెళ్ళిపోయారనీ, మిగిలినవాళ్ళలో పదిమంది కూడడమే లేదనీ, కట్టడం నిరుపయోగమనీ వారి వాదన. మా తాతముత్తాతలు గానుగ ఆడించి, మా విశ్రాంతి దినమైన శనివారం మాత్రం ఎద్దును విప్పేసి, మిగతా ఆరు రోజుల కష్టంతో లేపిన గోడలవి. నలభై పేజీల అభ్యంతరం రాశాను. ప్రతి పేజీలోనూ నిప్పులు చెరిగాను. రాజ్యాంగాన్ని పదకొండుసార్లు ఉటంకించాను.

విచారణనాడు అధికారి ఒకే ప్రశ్న వేశారు. అక్కడ పదిమంది క్రమంగా కూడుతున్నారా, లేదా? నా నలభై పేజీల్లో ఆ ఒక్కదానికి తప్ప అన్నింటికీ జవాబుంది.

వెనక బెంచీలోంచి హనోక్ తాత లేచాడు. ఎనభై ఆరేళ్ళవాడు, ఒంటరి మనిషి. ఆయన పక్కన మరో పదముగ్గురు వృద్ధులు. అందరినీ అత్తయ్యే పొద్దున్నే బస్సెక్కించి తీసుకొచ్చింది.

"కూడుతున్నాం సారూ," అన్నాడు.

"ఎప్పుడెప్పుడు?"

"మిల్కాబాయి మొక్కు తీరినప్పుడల్లా."

"అంటే, నెలకు ఎన్నిసార్లు?"

"బస్సులు బాగా నడిచిన నెలలో పన్నెండు. వానాకాలంలో బస్సుల్ని నమ్మలేం. అప్పుడు కుక్కరు ఆదుకుంటుంది."

అధికారి కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. పద్నాలుగుమందీ వరసగా ప్రమాణం చేసి అదే చెప్పారు. అమ్మకం దరఖాస్తును ఆయన అక్కడికక్కడే కొట్టేశారు.

తిరుగు బస్సులో ముసలివాళ్ళందరూ కునుకు తీస్తుండగా, ఇంత చిన్న చిన్న వాటికి మొక్కడమెందుకని అత్తయ్యను అడిగాను. ఆమె గొంతు తగ్గించింది.

"హనోక్ ఇంట్లో పొయ్యి వెలిగి ఎన్నేళ్ళయిందో తెలుసా నీకు? ఊరికే భోజనానికి రమ్మంటే 'ఇప్పుడే తిన్నా' అంటాడు. వీళ్ళందరూ అంతే, పౌరుషం. అదే దేవుడి పనికి ఒక మనిషి తక్కువయ్యాడని కబురు పెట్టు, ఉతికిన చొక్కా వేసుకుని పరిగెత్తుకొస్తారు."

జీవితంలో మొదటిసారి నాకు ఏ అభ్యంతరమూ తోచలేదు.

ముందు సీట్లోంచి, కళ్ళు తెరవకుండానే, హనోక్ తాత అన్నాడు: "రేపటి మలీదాలో కొబ్బరి ఇంకాస్త మెత్తగా కోరు మిల్కా. నాకు పళ్ళు లేవు."