మాకంటే ముందే చేరిన అక్క

దయ్యాలూ భూతాలూ అంటే నాకు ఎన్నడూ లెక్క లేదు. సిద్దిపేటలో మా దుకాణం వెనకాల ఒక ఇల్లు ఉండేది. అందులో ఏదో తిరుగుతుందని ఎవరూ కిరాయికి వచ్చేవారు కాదు. నేనే తీసుకొని పప్పు బస్తాలు వేయించాను. కిరాయి తక్కువ, జాగ ఎక్కువ. ఏండ్ల తరబడి అందులో ఎలుకలు తప్ప నాకేమీ కనపడలేదు.

నేను చదివింది నాలుగో తరగతి. చేతికి అందింది, కంటికి కనపడింది తప్ప వేరేది ఒప్పుకునే మనిషిని కాను. మా ఇంట్లో పిల్లలు నన్ను చూసి భయపడతారు గానీ చీకటిని చూసి భయపడరు. ఇప్పుడు రాసే సంగతిలో నేను పెంచింది లేదు, తగ్గించింది లేదు.

ఇది మా అక్క రాజవ్వకు జరిగింది. జరిగిందో, జరగలేదో కూడా నాకు తెలియదు. అక్క చింతమడకలో ఉంటుంది. మా అమ్మ చిన్నప్పుడే పోతే నాకు జడ వేసింది, అన్నం కలిపి పెట్టింది అక్కే. పెండ్లయినప్పటి నుంచి నాట్లు, కోతలు తప్ప ఆమె చూసింది లేదు. ఈ మధ్యనే గుండెకు స్టెంటు వేశారు.

నా బిడ్డ కూతురు కావ్య హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. ఆఫీసు పని మీద స్కాట్లాండు పోయి వచ్చి, ఫోనులో ఒక చెరువు ఫోటో చూపించింది. చుట్టూ కొండలు, నీళ్ల మీద పొగమంచు. అక్క ఆ ఫోను చాలాసేపు వదలలేదు. "గీడికి నన్ను గూడ కొంటవోతవా బిడ్డా?" అని, తననూ తీసుకుపొమ్మని అడిగింది. అక్క తన కోసం ఏదన్నా అడగడం నేను వినడం అదే మొదలు. అందుకే, ఖర్చు విని నాకు కళ్లు తిరిగినా, వద్దని అనలేకపోయాను.

హోటళ్లు వద్దని కావ్య అన్నది. అక్కడ ఇంటివాళ్లే తమ ఇంట్లో ఒకటి రెండు గదులు ఇస్తారట. పొద్దున టిఫిన్ కూడా వాళ్లే పెడతారట. కారు కిరాయికి తీసుకొని మనమే నడుపుకుంటూ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోవచ్చట.

డ్రైవరు ఎవరని అడిగాను.

"నేనే అమ్మమ్మా. ఆడ గూడ మన లెక్కనే ఎడమ దిక్కు నడుపుతరు."

అక్కడి నుంచి ప్లాను నా చేతిలోకి తీసుకున్నాను. ఒక్కరోజులో ఎక్కువ దూరం నడపొద్దు. దారిలో బాత్రూములు ఉండాలి. స్నానానికి తొట్టి ఉన్న ఇల్లు వద్దు, అక్క కాలు అంత పైకి లేవదు. గది కిందనే ఉండాలి, మెట్లు పనికిరావు. ఇంటామె వయసెంత, ఒక్కతే ఉంటుందా, వంటింట్లో మనల్ని ఇంత అన్నం వండుకోనిస్తుందా, ఇవన్నీ అడిగి రాయమన్నాను. కావ్య తల పట్టుకుంది.

"అమ్మమ్మా, నువ్వు టూర్ ప్లాన్ చేస్తున్నవా, పెండ్లి సంబంధం సూస్తున్నవా?"

"రెండిట్లనూ ఇల్లే సూడాలె. మూసుకొని అడుగు," అన్నాను.

అన్నిటికంటే నేను పట్టుబట్టింది వెచ్చదనం గురించి. అక్కకు చలి పడదు. ఎండాకాలంలో కూడా కిటికీలు బిగించి, నిండా కప్పుకొని పడుకుంటుంది. అందుకని గదిలోనే చలి కాచుకునే పొయ్యి ఉన్న ఇల్లు వెతకమన్నాను. కావ్య వెతికి వెతికి ఆ ఫోటోలోని చెరువు ఒడ్డునే ఒక పాత రాతి ఇల్లు పట్టింది. కింద గది, గోడలో గ్యాసుతో మండే పొయ్యి. ఫోటో చూసి నేనే సరే అన్నాను.

అక్క కొడుకు నర్సింలు మాత్రం వద్దే వద్దన్నాడు. చివరికి తల్లి మొఖం చూసి మెత్తబడ్డాడు. నా దగ్గరికి వచ్చి ఒక్క మాట చెప్పిపోయాడు.

"చిన్నమ్మా, అవ్వ గుండె సంగతి నీకెరికే. నీ మీద బరోసతోని పంపుతున్న. ఎట్ల కొంటవోతున్నవో అట్లనే తీస్కరావాలె."

తీసుకొస్తానని మాట ఇచ్చాను.

ఇంతలో కావ్య టికెట్లు తీసింది, ఆదివారానికి. ఆదివారం పడమటికి శూల. ఆ దిక్కుకు పయనం కట్టరాదు. పిల్లకు ఆ సంగతి తెలియదు, నేను అడగడం మరిచాను. అక్క మంచం మీద అటు తిరిగి పడుకొని "నేను రాను, మీరు పోన్రి" అన్నది. టికెట్లు మార్చితే మళ్లీ అంత ఖర్చు.

అప్పుడు నాకు పెద్దలు చేసే ఉపాయం గుర్తొచ్చింది. పోయే రోజు మంచిది కాకపోతే, అంతకు ముందే మంచి ఘడియ చూసి పయనం మూట కట్టి, పోయే దిక్కున ఉన్న వేరే ఇంట్లో పెట్టి వస్తారు. మనిషి అప్పుడే బయలుదేరినట్టు లెక్క. తర్వాత ఏ రోజు పోయినా దోషం ఉండదు. పోయేటప్పుడు ఆ మూట వెంట తీసుకుపోవాలి. నాకు దీని మీద నమ్మకం లేదు. అక్క మంచం దిగాలి, టికెట్లు పాడు కావొద్దు, అంతే నా ఆలోచన.

పంతులు బుధవారం పొద్దున ఘడియ చెప్పాడు. అక్క ముందురోజే మా ఇంటికి వచ్చింది. తలస్నానం చేసి బీట్‌రూట్ రంగు నేత చీర కట్టుకుంది. దానికి అరచేయంత ఆకుపచ్చ అంచు. పసుపు గుడ్డలో పాత రవిక, గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము మూట కట్టి, చెప్పులు లేకుండా పడమటి దిక్కున ఉన్న మా వాడకట్టు అనసూయ ఇంటికి నడిచింది. నేను వెనకాల పోయాను.

అనసూయ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. అక్క మూట ఒడిలో పెట్టుకొని అరుగు మీద కూర్చుంది. కళ్లు మూసుకుంది. నేను పిలిచాను, పలకలేదు. భుజం పట్టి ఊపితే తల కొంచెం వాలింది. చేతులు పట్టుకున్నాను. మే నెల ఎండలో ఆ చేతులు బోరు నీళ్లలో పెట్టి తీసినంత చల్లగా ఉన్నాయి.

అనసూయను కేకేశాను. ఆమె వచ్చేసరికి అక్క కళ్లు తెరిచి "కాళ్లు సల్లవడ్డయే సుశీలా" అని నాతో అన్నది. అంతే, లేచి మూట అనసూయ చేతికిచ్చి, చాయ్ కూడా తాగకుండా ఇంటికి నడిచింది. షుగరు చూశాం, బీపీ చూశాం, డాక్టరుకు చూపించాం. అంతా మంచిగానే ఉందన్నాడు. ప్రయాణం మానుకుందామంటే అక్క ఒప్పుకోలేదు.

ఆదివారం హడావుడిలో ఊరు దాటి గజ్వేల్ దగ్గరికి వచ్చాక అక్క ఒక్కసారి గట్టిగా అరిచింది. మూట అనసూయ ఇంట్లోనే మరిచిపోయాం.

"ఇగ నేను బయలెల్లనట్టే," అన్నది.

"నువ్వు బుధవారమే బయలెల్లినవు. గిప్పుడు ఎనుకకు పోతే ఇమానం ఆగుతదా?" అని కసిరాను.

దిగిన రోజు ఎయిర్‌పోర్టు దగ్గరే పడుకొని, మరునాడు కారు తీసుకున్నాం. కావ్య మెల్లగా నడిపింది. దారి పొడుగూతా పచ్చిక, గొర్రెలు. "ఊరంత గొర్లకిచ్చి మనుషులు యాడికి పోయిన్రే?" అని అక్క అడుగుతూనే ఉంది. ఆమె నీలం చీర మీద పొడుగు కోటు, కాళ్లకు బూట్లు, తలకు ఉన్ని టోపీ వేసుకుంది.

మధ్యాహ్నానికి ఆ రాతి ఇల్లు చేరాం. ఇంటామె అరవై దాటిన మనిషి, గట్టిగా ఉంది. తలుపు తీసి బయటికి వచ్చి నన్ను, కావ్యను దాటి నేరుగా అక్క దగ్గరికి పోయి రెండు చేతులూ పట్టుకుంది. ఏదో అన్నది. కావ్య మొఖం మారింది.

ఏమంటుందని అడిగాను.

"మొన్న చాయ్ తాగకుండనే పోయినవట పెద్దమ్మమ్మా."

అక్క నవ్వింది. "బస్సు దొరికిందని పోయిన అని చెప్పు," అన్నది.

ఇంటామె నవ్వలేదు. మమ్మల్ని వంటింట్లో కూర్చోబెట్టి చెప్పింది, కావ్య ఒక్కొక్క మాటే తెలుగులో చెప్పింది. బుధవారం తెల్లవారుతుండగా ఆమె కోళ్లకు గింజలు వేయడానికి బయటికి వచ్చిందట. ఇంటి ముందు బల్ల మీద ఈ పెద్దమనిషి కూర్చొని ఉందట. మన దేశపు మనుషులు రావలసి ఉన్నారు గనక, తారీకు పొరపడి ముందే వచ్చారనుకుందట. ఆ చలిలో కాళ్లకు చెప్పులు లేవట. అది చూసి ఆమెకు జాలేసి, కూర్చోమని సైగ చేసి, కింది గదిలో గ్యాసు పొయ్యి వెలిగించి, చాయ్‌కి నీళ్లు పెట్టిందట.

బయటికి వచ్చేసరికి బల్ల మీద ఎవరూ లేరట. రోడ్డు దాకా పోయి చూసిందట. తిరిగి వచ్చి ఆ గదిలోకి పోతే పొయ్యి ముందు తన పిల్లి సోయి లేకుండా పడి ఉందట. తనకూ తల తిరిగిందట. కిటికీలు తెరిచి, పొయ్యి ఆర్పి, పిల్లిని బయట వేస్తే కొద్దిసేపటికి కదిలిందట.

బాగుచేసే మనిషిని పిలిచి చూపిస్తే, లోపల పక్షి గూడు కట్టడంతో పొగగొట్టం పూర్తిగా మూసుకుపోయి ఉందట. విషపు గాలి గదిలోకే వస్తుందట. దానికి వాసన ఉండదట. గోడకు ఉన్న అలారం కూడా పాడైపోయి ఉందట. చలికాలం నుంచి ఆ గది ఎవరూ వాడలేదు. మా కోసమే, మేము వచ్చిన రోజు వెలిగించాలనుకుందట.

ఆ గదిలో పడుకోవలసింది నేను, అక్క. అక్క కిటికీలు బిగించేది. పొయ్యి ఇంకా పెంచమని నేనే అనేదాన్ని. ఆ పొయ్యి కావాలని ఇన్ని ఇళ్లు వెతికించింది నేనే కదా.

నేను దుకాణం నడిపినదాన్ని. నా సరుకు ముందు చూపించను. ఏ రంగు బట్టలో చెప్పమని మాత్రం అడిగించాను. ఆమె లేచి కూరగాయల బుట్టలోంచి బీట్‌రూట్ తీసి చూపించింది. అంచు ఇంత అని అరచేయి చాపింది, ఆకుపచ్చ అన్నది. ఒడిలో పసుపు గుడ్డ మూట ఉందన్నది.

కావ్యను నిలదీశాను. ఆమె ఇంటామెకు మా పేర్లు, వయసులు తప్ప ఏమీ పంపలేదు. ఆ బుధవారం ఎవరూ ఫోటో తీయలేదు. ఆ చీర ఉతికి సిద్దిపేటలో బీరువాలో పెట్టి వచ్చాం. అనసూయకు వీడియో కాల్ చేశాం. మూట ఆమె అటక మీదే ఉంది, వేసిన ముడి వేసినట్టే. మనకు పొద్దు ఎక్కేసరికి వాళ్లకు తెల్లవారుతుందని కావ్య లెక్క చెప్పింది. ఆ చిన్న ఊరిలో చీర కట్టిన మనిషిని ఇంకెవరూ చూడలేదట. ఇంటామె అప్పటికే అందరినీ అడిగింది.

అక్క అంతా విని, రొట్టె ముక్క నములుతూ అన్నది. "ఇల్లు ఎసొంటిదని వంద మాట్లు అడిగినవు. పోయి సూసినవా? నేను పోయి సూసచ్చిన."

నిజంగా ఏమన్నా యాదికి ఉందా అని అడిగాను. అరుగు మీద కాళ్లు చల్లబడటం తప్ప ఏమీ లేదన్నది.

ఆ గదిలోనే ఉన్నాం. కొత్త కరెంటు హీటరు పెట్టింది ఇంటామె. వెచ్చగా నిద్ర పట్టింది. పొద్దున మేము అన్నం వండుకోవడానికి వంటింట్లో పొయ్యి ఇచ్చింది, అక్క కాళ్లకు తన ఉన్ని మేజోళ్లు ఇచ్చింది. అక్క చెరువు ఒడ్డున గంటల కొద్దీ కూర్చుంది. మిగతా ఇళ్లలోనూ అందరూ మమ్మల్ని మంచిగానే చూసుకున్నారు. కావ్య ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నేను ఎవరినీ ఊరికే మెచ్చుకోను. ఆ పిల్లను మెచ్చుకున్నాను.

తిరిగి వచ్చాక మూట తెచ్చి విప్పాను. తడి ఉందా, మట్టి ఉందా అని చూశాను. ఏమీ లేదు. బియ్యం పారేయలేదు, కడిగి వండాను. అందరం తిన్నాం.

అక్కను ఊరికి తీసుకుపోవడానికి నర్సింలు వచ్చాడు. పోయేముందు వంగి నా కాళ్లకు మొక్కాడు. "మాట నిలవెట్టుకున్నవ్ చిన్నమ్మా. కొంటవోయినట్టే తీస్కచ్చినవ్," అన్నాడు.

నేను కాళ్లు వెనక్కి తీసుకున్నాను. ఆ మొక్కు నాకు చెందేది కాదు. మరి ఎవరికి చెందుతుందంటే ఈ రోజుకూ చెప్పలేను. అనసూయ అరుగు మీద కూర్చున్నది అక్కే. నేను ఆ చేతులు పట్టుకున్నాను. సముద్రాలకు అవతల బల్ల మీద కూర్చున్నది ఎవరో నాకు తెలియదు. ఆమెకు చెప్పులు లేకపోవడమే మమ్మల్ని బతికించింది.

కారు కదిలింది. అక్క అద్దం దించి, "లోపలికి పో, ఎండ తాకుతది," అని నన్ను కసిరింది. నేను పోలేదు. కారు మలుపు తిరిగేదాకా, రెండు చేతులూ జోడించి అక్కడే నిలబడ్డాను.