మోగని ఫోను, దోన్యా ఎర్సీలియా కుర్చీ

మా టాక్సీ స్టాండు ఆఫీసులో ఆ కుర్చీ ఇరవై రెండేళ్లుగా దోన్యా ఎర్సీలియాది. మా వైపు మర్యాదకి ఆడవాళ్లని 'దోన్యా' అని, మగవాళ్లని 'దోన్' అని అంటాం. మా ఊరు బొనావోలో ఎవరికి కారు కావాలన్నా ఆవిడకే ఫోను చేస్తారు. ఆవిడ రేడియోలో మా పద్నాలుగు మంది డ్రైవర్లలో ఒకణ్ణి పంపుతుంది. నా బండి తొమ్మిదో నంబరు. అరగంటకోసారి ఎక్కడున్నామో రేడియోలో చెప్పకపోతే బేరాల వరసలోంచి నంబరు కొట్టేసేది. నాది ఎన్నిసార్లు కొట్టేసిందో! ఒళ్లు మండేది నాకు.

పోయినేడాది యజమాని దోన్ ఫౌస్తో పాత ఫోను పీకించి ఇంటర్నెట్ ఫోను పెట్టించాడు. దాంతో మొదలైంది గొడవ. ఊపిరాడకుండా మోగే ఫోను ఉన్నట్టుండి గంటసేపు నోరు మూసుకునేది. మళ్లీ దానంతటదే మోగేది. పోనీ పాడైందా అంటే, ఆవిడ దాంతో నా సెల్లుకి చేస్తే ఠంచనుగా మోగేది. ఫోను మీద పచ్చదీపం కూడా వెలుగుతూనే ఉండేది.

"బాగానే ఉంది కదా! మరి ఊళ్లో జనమంతా ఏమైపోయినట్టు?" అనేది దోన్యా. ఎవరికీ అంతుపట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఆసుపత్రి దగ్గర ఒకావిడ నన్ను నిలబెట్టి దులిపేసింది. "ఆరుసార్లు చేశానయ్యా! ఒక్కరూ ఎత్తరేం? అందరూ పడుకున్నారా?"

తిన్నగా ఆఫీసుకి పోయాను.

"ఫోను మోగిందా దోన్యా?"

"మోగితే ఎత్తనా? పొద్దుటినుంచీ కాఫీకి కూడా లేవలేదురా."

"ఆరుసార్లు చేసిందట! మీ చెల్లెలి అల్లుడు అవతలి స్టాండులో బండి తోలుతున్నాడుగా, బేరాలన్నీ అటు మళ్లిస్తున్నారేమో!"

నోరు జారాను. అక్కడ నలుగురు డ్రైవర్లున్నారు. ఆవిడ మొహం పాలిపోయింది. "లిసాందర్, ఈ మాట నువ్వేనా అన్నది?" అంది. సాయంత్రానికల్లా ఆ మాట పద్నాలుగు బండ్లూ తిరిగి దోన్ ఫౌస్తో చెవిన పడింది. శనివారంలోగా సంగతి తేలకపోతే కుర్చీ ఖాళీ చెయ్యమన్నాడాయన.

శుక్రవారం ఫోను కంపెనీనుంచి యొకాస్తా అనే అమ్మాయి వచ్చింది. అన్నీ చూసి "ఏ లోపమూ లేదే!" అని తల గోక్కుంది. అంతలో కరెంటు పోయింది. దోన్యా ఒక్క గెంతులో వెళ్లి ఇంటర్నెట్ డబ్బా వైరు పీకేసింది. రోజూ కరెంటు పోయే మా ఊళ్లో అందరం చేసే పనే. తిరిగొచ్చే కరెంటు ఏది కాల్చేస్తుందో ఎవరికి తెలుసు?

"ఇన్వర్టరుందిగా, ఎందుకు పీకారు?" అంది యొకాస్తా.

"దాన్ని నమ్మి ఒక టీవీ తగలేసుకున్నాను, చాలు తల్లీ. ఫోను వైరు బల్లవెనక మేకులు కొట్టి పెట్టారు, చెయ్యి దూరదు. లేకపోతే అదీ పీకేదాన్నే."

కరెంటొచ్చాక దోన్యా వైరు పెట్టింది. యొకాస్తా తన సెల్లునుంచి చేసింది. పచ్చదీపం వెలుగుతోంది, ఫోను మాత్రం మోగలేదు. అప్పుడా పిల్ల పకపకా నవ్వింది.

"కాల్స్ పంపే మా కంపెనీ సర్వరు మీ ఫోనుని వెతుక్కుంటూ రాదు దోన్యా. 'నేను ఫలానా చిరునామాలో ఉన్నాను' అని ఫోనే వెళ్లి చెప్పుకోవాలి. మీది గంటకోసారి చెబుతోంది. మీరు వైరు పీకి పెట్టినప్పుడల్లా డబ్బాకి కొత్త చిరునామా వస్తోంది. మళ్లీ గంట తిరిగేదాకా కాల్సన్నీ పాత చిరునామాకే పోతుంటాయి."

"మరి నేను చేస్తే వెళ్తోందే?"

"మీరు చేసినప్పుడు ఫోనే సర్వరు దగ్గరికి వెళ్తుంది. అవతలివాళ్లు చేస్తేనే చిక్కు."

దోన్యా వెంటనే అందుకుంది. "సంతలోంచి వెళ్లిపోయి నాకు చెప్పని డ్రైవరన్నమాట!"

"అంతే! ఇకమీదట నిమిషానికోసారి చెప్పేట్టు పెడుతున్నాను. మీరు ఆ వైరు ముట్టుకోకండి."

పెట్టీ పెట్టకముందే ఫోను మోగడం మొదలెట్టింది. దోన్ ఫౌస్తో పరుగున వచ్చి "కూర్చో ఎర్సీలియా, కూర్చో!" అన్నాడు. ఆవిడ కూర్చోలేదు. చేతిసంచీ తీసుకుంది.

"నన్ను దొంగన్నప్పుడు పద్నాలుగు బండ్లూ విన్నాయి. కాదని వాళ్లకి చెప్పేదెవరు?"

ఫోను మోగుతూనే ఉంది. బండి దగ్గరికి పరిగెత్తి రేడియో అందుకున్నాను.

"తొమ్మిదో నంబరు మాట్లాడుతున్నా. అందరూ వినండి. దోన్యా ఎర్సీలియా ఒక్క బేరం కూడా ఎవరికీ మళ్లించలేదు. ఆ అబద్ధం పుట్టించింది నేను. సిగ్గుతో చస్తున్నాను. క్షమించండి దోన్యా."

ఆఫీసులో ఫోను మోగడం ఆగింది. తర్వాత రేడియోలో ఆవిడ గొంతు వినిపించింది.

"తొమ్మిది, లైను వదులు. ఏడు, ఆసుపత్రి గేటు దగ్గర చంటిబిడ్డతో తల్లి నిలబడి ఉంది, తొందరగా వెళ్లు."

ఆ రోజు నాకు ఒక్క బేరం కూడా ఇవ్వలేదు. ఎందుకని నేను అడగలేదు.