పోలయ్యన్నకిచ్చిన మజ్జిగ

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి వేసవి. నెల్లూరులో ఒక డయాలసిస్ సెంటర్లో నేను నర్సుని. కిడ్నీలు పనిచేయనివాళ్ళ రక్తాన్ని మిషన్ మీద శుభ్రం చేసి, ఒంట్లో చేరిన నీటిని తీసేయడం మా పని. ముందుగా బరువు చూస్తాం. అదనపు నీరు లేనప్పుడు మనిషి ఉండే బరువును డ్రై వెయిట్ అంటాం. అంతకు బాగా మించి ఉంటే నీళ్ళు ఎక్కువ తాగినట్టే. అందుకే నా దగ్గర అబద్ధాలు చెల్లవు. నా నోరూ కాస్త పెద్దదే.

పోలయ్యన్న ముత్తుకూరు వైపు సముద్రం ఒడ్డు పల్లె మనిషి. పడవ మీద వేటకు పోయి బతికినవాడు. డయాలసిస్‌కి వచ్చే మూడు రోజుల్లో బుధ, శుక్రవారాలు బాగానే ఉండేవాడు కానీ సోమవారం కాళ్ళూ మొహమూ ఉబ్బి వచ్చేవాడు. ఒక సోమవారం ఊపిరాడక మంచం మీద వెనక్కి వాలలేకపోయాడు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఆక్సిజన్ పెట్టి, మిషన్ మీద నీరు తీశాం. తేరుకున్నాక నేను ఊరుకోలేదు.

"ఆదివారం ఏం తాగతా ఉండావన్నా?"

"మజ్జిగమ్మా. చర్చిలో."

భార్య రమణమ్మ ఎవరో చెబితే ఆయన్ని స్వస్థత ప్రార్థనకు తీసుకెళ్ళిందట.

"మా ఇంట్లో పోలేరమ్మ పటం అట్నే ఉంది. తియ్యమని ఎవురూ అన్లేదు. నా తల మీద చేతులు పెట్టి ఏడ్చినారు. ఆనక తలా ఒక గ్లాసు తెచ్చి నాకిస్తే వొద్దని ఎట్టా అనేది? పడవెక్కడం మానేసినాక నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకునింది వాళ్ళే."

చర్చి మానమని చెప్పారు డాక్టరు గారు, ఇంకోసారి ఇలా వస్తే బతికించడం కష్టమన్నారు. పోలయ్యన్న గోడ వైపు తిరిగాడు. ఆయన మానడని నాకర్థమైంది. మానితే మిగిలేది ఒంటరితనమే.

ఆ వచ్చే ఆదివారం పోలయ్యన్న, రమణమ్మలతో నేనూ చర్చికి వెళ్ళాను. రేకుల కప్పు, కింద చాపలు, లోపల కుంపటి వేడి. ప్రార్థన అయ్యాక పాస్టరమ్మ మజ్జిగ బిందె దగ్గరికి వెళుతుంటే ఆపాను.

"ఆయనకి నయం కావాలని మొక్కేదీ మీరే, మజ్జిగ పోసి ప్రాణం మీదకి తెచ్చేదీ మీరేనా?"

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మాకెవురూ చెప్పలేదు తల్లీ. ఎంత పొయ్యొచ్చు?"

"గొంతు తడిపేంత."

ఆమె లోపలికి వెళ్ళి, ప్రభు బల్ల రోజున ద్రాక్షరసం పోసిచ్చే బుల్లి గ్లాసుల పళ్ళెం తెచ్చింది. "ప్రభువు ఏమీ అనుకోడులే," అని పోలయ్యన్నకు ఒక గ్లాసు పోసింది. తర్వాత అందరికీ ఆ గ్లాసులతోనే పోసింది. ఎండకు సొమ్మసిల్లేలా ఉన్న ముసలమ్మలకు మాత్రం పెద్ద గ్లాసు ఇవ్వబోయింది. వాళ్ళు తీసుకోలేదు.

"ఆయనకెంతో మాకూ అంతే పొయ్యమ్మా," అంది ఒకామె.

నాకూ ఒక బుల్లి గ్లాసు వచ్చింది. బస్సు దిగి ఎండలో నడిచివచ్చిన నేను ఒక్క గుక్కలో తాగేశాను. నాలుక కూడా సరిగా తడవలేదు. గొంతు తడుపుకుంటే చాలదా అని ఇన్నేళ్ళు ఎంతమందిని కసిరానో! చుట్టూ చూశాను. ఎవరూ రెండోసారి అడగలేదు. పోలయ్యన్న తన గ్లాసు పట్టుకుని వాళ్ళందరి మధ్య తలవంచుకుని ఏడుస్తున్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

మరునాడు ఆయన ఉబ్బు లేకుండా వచ్చాడు. "దప్పిక కాలేదా అన్నా?" అని అడిగాను.

"అయింది సిస్టరమ్మా. అందరికీ అయింది గదా."

ఆయన కిడ్నీలు మళ్ళీ పనిచేయలేదు. చర్చివాళ్ళు ఇప్పటికీ ప్రార్థన చేస్తూనే ఉన్నారు, ఆయన ఇప్పటికీ వారానికి మూడుసార్లు వస్తూనే ఉన్నాడు. నేను మాత్రం కొత్త పేషెంటు వస్తే నీళ్ళ సంగతి అతనొక్కడికే చెప్పడం మానేశాను. అతనికి ప్రేమగా గ్లాసు అందించేవాళ్ళెవరో కనుక్కుని, వాళ్ళని కూడా పిలిపించి పక్కన కూర్చోబెడతాను.