కోళ్లు పైకున్న మంచం

ఆ రోజుల్లో నా కోపం చాలా తాజాగా ఉండేది. ఇప్పుడూ ఉంది గానీ, పాత చెప్పులాగా కాలికి అలవాటైపోయింది. నన్ను ఎన్నికల్లోకి దింపింది దేశభక్తి కాదు, ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ. బళ్లారి వైపు సిరిగేరిలో కాలువ నీళ్ల గురించి మీటింగు పెట్టారు. మా పొలం కాలువకు చిట్టచివర. నీళ్లు మా దాకా వచ్చిన ఏడాది నాకు గుర్తులేదు. అర్జీలు ఇచ్చి ఇచ్చి విసిగి, ఆ రోజు అందరికంటే ముందు వెళ్లి మొదటి వరుసలో కూర్చున్నాను. (ఎడమ చెయ్యి విరిగిన కుర్చీ. అంత మంచిది కూడా కాదు, అదే నా బాధ.) నాయకుడి వెంట వచ్చిన సిల్కు చొక్కా మనిషి నా భుజం తట్టి, "ఏయ్, లెయ్యప్పా. నువ్వేం లెక్కలో మనిషివి? సాహేబ్రు కూకోవల్ల" అన్నాడు. లేచాను. సాహేబ్రు, అదే ఆ నాయకుడు, అందులో కూర్చోలేదు, తన శాలువా పెట్టుకున్నాడు. మీటింగు అయ్యేదాకా నేను ఒక శాలువా వెనక నిలబడ్డాను.

ఆ ఎండాకాలమే అసెంబ్లీ ఎన్నికలొస్తే పక్షేతరుడిగా నామినేషన్ వేశాను. (ఏ పార్టీకీ చెందని అభ్యర్థిని మా వైపు కన్నడంలో అలాగే అంటారు.) గెలవాలని కాదు. మా ఊరి బయట ఒక్క మనిషైనా నన్ను లెక్కలోకి తీసుకోవాలి, అంతే. ఆఫీసువాళ్లు నాకు ఇచ్చిన గుర్తు మంచం. పార్టీలకు జీపులూ మైకులూ ఉన్నాయి, నాకు మంచం ఉంది. మా ఇంటి నులకమంచానికి బంతిపూల దండలు చుట్టాను. ముందు తమటె డప్పు వాయించడానికి మా మామ, మంచం మోయడానికి నేనూ, మా బామ్మర్దీ, ఇద్దరు కూలీలూ. నులక మెత్తగా ఉంటుందని ఆ వైపు తలల మీద పెట్టుకున్నాం, నాలుగు కోళ్లూ ఆకాశం వైపు. బామ్మర్దికి ఆకలెక్కువ. ఒక చేత్తో మంచం పట్టుకుని, రెండో చేత్తో జేబులోంచి బొరుగులు తింటూ, సగం దారి మీద రాలుస్తూ నడిచాడు.

చదివేవాళ్లకు ఈపాటికి అర్థమై ఉంటుంది, మాకు కాలేదు. మా వైపు మనిషి పోతే దండలేసి, తమటె కొడుతూ, బొరుగులు చల్లుతూ మంచం మీద మోసుకుపోతారు. వచ్చేటప్పుడు ఖాళీ మంచాన్ని కోళ్లు పైకి పెట్టి తెస్తారు. అది పోయే వీధిలో తలుపులు మూస్తారు, గడప మీద నీళ్లు కుమ్మరిస్తారు. మా ఊళ్లో అందరూ నన్ను ఎరుగుదురు కాబట్టి నవ్వి ఊరుకున్నారు. కాలువ అవతలి ఊరికి నేనెవరో తెలియదు.

మిట్టమధ్యాహ్నం ఆ ఊళ్లో అడుగుపెట్టాం. గాలి లేదు. మా ముందు ఒక తలుపు మూసుకుంది. దాని పక్కది మూసుకుంది. మేం నడిచేకొద్దీ తలుపులు మాకంటే ముందు నడుస్తున్నట్టు మూసుకుంటూ పోయాయి. ప్రతి గడప మీదా నీళ్లు తళతళలాడుతున్నాయి, మనిషి లేడు. కుక్కలు మొరగలేదు, గోడల పక్కకు తప్పుకుని కూర్చున్నాయి. మామ తమటె కొట్టడం మానేశాడు. మానేశాక ఇంకా భయమేసింది.

"ఏంది బావా, ఊరంతా యాడికి పోయినారు?" అన్నాడు బామ్మర్ది గొంతు తగ్గించి.

"యాడికీ పోలేదు. తలుపుల సందుల్లోంచి చూస్తాండారు."

"నీకే ఓటేస్తారంటావా?"

వీధి చివర ఒక్క తలుపే తెరిచి ఉంది. లోపల నీరుగంటి తాత పడుకుని ఉన్నాడు. ఒకప్పుడు పొలాలకు కాలువ నీళ్లు వదిలే పని ఆయనదే, లేవలేక నెలలయిందట. తలుపు మూయడానికి పరుగున వచ్చిన కోడలు మమ్మల్ని చూసి కొయ్యబారిపోయింది. తాత తల తిప్పి మంచం వైపు చూశాడు.

"వచ్చినారా?" అన్నాడు, చాలా మామూలుగా. "ఎవురు పంపినారప్పా మిమ్మల్ని?"

"ఎవురూ పంపలేదు తాతా. నేనే వచ్చిండా. ఏ పక్షమూ లేదు, పక్షేతర."

"ఎవురూ పంపలేదా?" తాత మంచం మీంచి చూపు నా మీదికి తిప్పాడు. "అట్లయితే నయం. పైనుంచి పంపించింటే మాట్లాడేకి ఉండదు. నువ్వు మాట వినే మనిషిలాగ ఉండావు."

"ఓటు అడిగేకి వచ్చినా తాతా. మంచం గుర్తు."

ఆయన లేచి కూర్చున్నాడు. కోడలు కేక వేసింది. "ఓటేసేదంకా గడువు ఇస్తావా అయితే?"

ఇస్తానన్నాను. ఇంకేమనాలి? నన్ను ఏదైనా అడిగిన మొదటి ఓటరు ఆయన.

"ఓటు దినం ఇదే మంచం తే. వేరేది తెస్తే నేను రాను" అన్నాడు తాత.

తీసుకెళ్లాను. ఎక్కించుకుని పోలింగు బూతు దాకా వచ్చేసరికి పోలీసు అడ్డం నిలబడ్డాడు. "నిల్సప్పా! గుర్తును బూతు కాడికి తేగూడదు, రూల్సు."

"ఇది గుర్తు కాదు సార్, మంచం."

"మంచమే కదప్పా గుర్తు!"

ఈ అన్యాయం మీద నేను తర్వాత ఇచ్చిన అర్జీకి ఇప్పటికీ జవాబు రాలేదు. మేం వాదించుకుంటుండగానే తాత దిగి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, లోపలికి నడిచివెళ్లాడు. బయటికొచ్చి సిరా పూసిన వేలు నాకు చూపించి, "ఏసినా" అని, మంచం మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు. ఇంటికి మోసుకొస్తుంటే కాలువ వంతెన దగ్గర బామ్మర్ది ఆగాడు. "బావా, తాత ఉన్నట్టుండి బరువెక్కినాడు" అన్నాడు. మేం మంచం దించలేదు. దించితే చూడాలి కదా.

ఆ సాయంత్రం ఖాళీ మంచాన్ని కోళ్లు పైకి పెట్టుకుని అదే వీధిలో తిరిగొచ్చాం. తలుపులన్నీ మూసుకున్నాయి. ఈసారి నాకు కోపం రాలేదు.

కౌంటింగు హాల్లో ఆ ఊరి బూతు వచ్చినప్పుడు ఆఫీసరు పార్టీల లెక్కలన్నీ చదివి, ఊపిరి తీసుకుని, "మంచ, ఒందు" అన్నాడు. ఒకటి. తాతే. నా కళ్లు చెమర్చాయి.

ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లోనూ నిలబడ్డాను. ఆ బూతులో ఏముంటుంది, సున్నా అనుకున్నాను. "మంచ, ఒందు." ఆ తర్వాతా అంతే. తాత ఇల్లు కూలిపోయింది. కోడలు బళ్లారిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయి ఓటు కూడా అక్కడికే మార్చుకుంది. ఒకసారి మంచం దొరకక నాకు ఈల గుర్తు ఇచ్చారు. ఈలకూ ఒందే. ఊళ్లోకి వెళ్లి ఇల్లిల్లూ అడిగాను. "నా బిడ్డల మీద ఒట్టు, నేను కాదన్నా!" అని ఒక్కొక్కరే ప్రమాణం చేశారు. (నాకు ఓటేశానని చెప్పుకోవడం అంత నామర్దానా? ఒట్టేసిన వాళ్లందరి పేర్లూ నాకు జ్ఞాపకమే.) మా ఊళ్లో నా ఓట్లు ప్రతిసారీ తగ్గుతున్నాయి, మా ఇంట్లోవాళ్ల మీదే నాకు అనుమానం. కాలువ అవతల మాత్రం తగ్గలేదు, పెరగలేదు.

"ఈసారీ ఎవురు ఏస్తారని నిలబడతావు?" అని మా ఆవిడ అడుగుతుంది. చెప్పను. చెబితే తనూ గడప మీద నీళ్లు చల్లుతుందేమో. నేను నిలబడకపోతే ఆయన అంత దూరం నడిచొచ్చి ఏ మీట నొక్కుతాడు?

కౌంటింగు హాల్లో అభ్యర్థికి ఒక ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. నన్ను ఎవరూ లేపలేని కుర్చీ ఈ జిల్లా మొత్తంలో అదొక్కటే. పొద్దున్నే వెళ్లి కూర్చుంటాను, టీకి కూడా కదలను. ఆ బూతు వచ్చి, ఆఫీసరు విసుగ్గా "ఒందు" అనగానే, నెరిసిన తల సవరించుకుని, నాకు నేనే లేచి నిలబడతాను.