దసరా నాడు ఆగిపోయిన ఆటల డబ్బా

మొన్న వికారాబాద్‌లో ఫోన్ బాగుచేయించుకుందామని స్టేషన్ దగ్గరి ఒక కొట్టుకు వెళ్ళాను. ఫోన్ ఇచ్చి ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. నా ఫోన్‌లోంచి మంచి ముక్క తీసేసి పాత ముక్క పెడతాడేమోనని ఆ అబ్బాయి చేతులనే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు పై అరలో, పాత రిమోట్ల కింద, గుండ్రటి మూత ఉన్న, టీవీకి తగిలించి ఆడే బూడిదరంగు ఆటల డబ్బా ఒకటి కనబడింది. "అది నడుస్తదా?" అని అడిగాను. "ఏడ నడుస్తదమ్మా, డిస్కు తిప్పుతది గని సదవది" అన్నాడు. "దించి మూత తియ్యి, డిస్కు సదివే కన్ను నేను చూడాలె" అన్నాను. తల నెరిసిన మనిషి ఆటల డబ్బా కన్ను చూస్తాననేసరికి నన్ను ఎగాదిగా చూసి, "నేను ఖరాబ్ చెయ్యలేదమ్మా, గట్లనే వచ్చింది" అన్నాడు. కన్ను మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. నేను వెతికింది దుమ్ము కాదు.

అనుమానం మా ఇంటి వృత్తి. నాన్నది తాండూరులో కందుల వ్యాపారం. కొడంగల్ వైపు నుంచి రైతు బండి వస్తే నాన్న పైగింజ వైపు చూసేవాడే కాదు. చొక్కా చేయి పైకి మడిచి, మోచేతి దాకా బస్తాలో దూర్చి, అడుగునుంచి గుప్పెడు తీసి, ఒక గింజ పంటికింద పెట్టి కొరికి, అప్పుడు రైతు మొహం వైపు చూసేవాడు. ఇంటికొచ్చినా ఆ చేయి కిందికి దిగేది కాదు. మేం బడికి వెళ్ళామా లేదా, పాలవాడు నీళ్ళు కలిపాడా లేదా, చిన్నాన్న రైల్లో వచ్చాడా బస్సులో వచ్చాడా, అన్నీ అడుగుదాకా తవ్వి చూడాల్సిందే. ఆయన చేయి అన్నకు రాలేదు, నాకొచ్చింది. పెళ్ళైన కొత్తలో మా ఆయన పూలు తెస్తే ఎవరు తెమ్మన్నారని అడిగాను. పాపం ఆ మనిషి మళ్ళీ తేలేదు.

అన్న వికారాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమాలో చేరిన ఏడాది మా మేనమామ షార్జా నుంచి ఆ డబ్బా తెచ్చి ఇచ్చాడు. దానితోపాటు వచ్చిన డిస్కు ఒక్కటే, కార్ల పందెం ఆట. డిస్కు అడుగు నల్లగా నిగనిగలాడేది. టీవీకి తగిలిస్తే వీధిలో పిల్లలంతా కిటికీకి వేలాడేవారు. ఆడగా ఆడగా దాని మీద గీతలు పడ్డాయి. అది పాడైతే తాండూరులో ఇంకోటి దొరకదు. క్లాసులో అన్న స్నేహితుడొకడికి ఇంట్లో కంప్యూటర్, డిస్కులు రాసే మిషన్ ఉన్నాయి. వాడు దానికి నకలు తీసిచ్చాడు. అన్న దాన్ని సంబరంగా తెచ్చి పెట్టాడు, డబ్బా ఒప్పుకోలేదు. అచ్చం మా నాన్నే. నకలు డిస్కు పెట్టగానే అడుగు చూసేది, మొహం తిప్పుకునేది.

దాన్ని ఒప్పించడానికి అన్న పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. డబ్బా మూత మూస్తే లోపల ఒక చిన్న మీట నొక్కుకుంటుంది, అప్పుడే అది తిరుగుతుంది. అన్న పాత బాల్‌పెన్ స్ప్రింగు తీసి ఆ మీటను నొక్కి కట్టి, మూత తెరిచే ఉంచి, మూసినట్టు నమ్మించాడు. అసలు డిస్కు పెట్టి, డబ్బా దాన్ని చూసి సరే అనుకునేంతలో, అది తిరుగుతుండగానే చటుక్కున తీసి నకలు పెట్టాలి. క్షణం అటూ ఇటూ అయిందా, డిస్కు ఎగిరి మంచం కిందికి పోయేది. ఒకసారి నా నుదుటికి తగిలింది, బొప్పి కట్టింది. ఆ పద్ధతి లాభం లేదని, స్నేహితుడి చేత హైదరాబాద్ నుంచి, నకలును అసలేనని డబ్బాను నమ్మించే గోరంత చిప్పు తెప్పించి, వెంట్రుకల్లాంటి వైర్లతో అతికించడం మొదలుపెట్టాడు. సోల్డరింగ్ పొగ గుగ్గిలం వాసన వేసేది. "పొద్దుగాల లేని ధూపం మజ్జాన్నం ఏందే, వీడేమన్న మంత్రాలు నేరుస్తున్నడా?" అని అమ్మ నన్ను నిలదీసేది.

ఇదంతా జరిగింది నాయనమ్మ గదిలో, మూలన పడేసిన పాత చిన్న టీవీ ముందు. ఎందుకంటే ఆ గదిలోకి ఎవరూ వచ్చేవారు కారు. తాతయ్య పోయినప్పటి నుంచి నాయనమ్మ వెనక గదిలోనే ఉండేది. ఒకనాడు మార్కెట్‌కు టెంపో బయల్దేరుతుంటే ఆమె వాకిట్లోకి వచ్చింది. ఊరు దాటకముందే టైరు పేలింది. అంతే, చిన్నమ్మ నోరు తెరిచింది. "ఎదురు రావద్దని ఎర్కలేదా, ఇంత వయసొచ్చింది" అని అందరూ వినేటట్టే అంది. నాన్న వినీ విననట్టు ఊరుకున్నాడు. నాకు నాన్న మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. అప్పటి నుంచి ఎవరు ఏ పనికి బయల్దేరినా నాయనమ్మ తలుపు దగ్గరికేసుకునేది. పండగనాడు కుంకుమ పళ్ళెం ఇల్లంతా తిరిగేది గాని ఆ తలుపు దాకా వెళ్ళేది కాదు. అలాంటి మనిషికి అన్న ప్రయోగాలు పెద్ద కాలక్షేపం అయ్యాయి. డిస్కుల్ని అంచులు పట్టుకుని అందించేది. "గిదేంది కొడుకా, గీ అద్దం బిళ్ళ?" అంటే అన్న, "అదే దీని కన్ను నాయనమ్మా. అది చూస్తెనే ఆట నడుస్తది" అని చెప్పేవాడు. ఆమె ఆ కన్నులోకి తొంగి చూసి, "పసిపిల్ల కన్ను తీర్గున్నది, దిష్టి తగులుతది" అనేది.

నాన్నకు ఇదేదీ నచ్చలేదు. ఆ రోజుల్లో సీడీ కొట్ల మీద పోలీసులు పడుతున్నారని బజారులో చెప్పుకునేవారు. ఒకరోజు అన్నను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"దొంగ సీడీల కథ నాకు ఎర్కలేదనుకుంటున్నవా?"

"దొంగది గాదు నాయినా. మన డిస్కుకే నకలు తీసినం. అసలుది గీతలు వడి ఖరాబైతున్నది."

"నకలంటె నకలే. అసలు నువ్వు గా వికారాబాద్‌ల సదువుతున్నవో, గా పోరనితోని తిరుగుతున్నవో నాకెట్ల తెల్వాలె? దసరాకు అందరొస్తరు. అందరి ముంగట గా నకలు నడిపియ్యి. నడిస్తే నీ సదువు నువ్వు సదువు, నేనడ్డం రాను. నడవకుంటే మాత్రం వచ్చి గద్దె మీద కూసో."

గద్దె అంటే మా కొట్లో త్రాసు పక్కన పరుపేసిన పీట. అన్న దానికి భయపడేవాడు. కందిపొడి పడితే వాడికి తుమ్ములు ఆగవు, బేరం ఆడలేడు, రైతు ఎంతంటే అంతకు తలూపుతాడు. వాడికి ప్రాణం ఆ వైర్లలో ఉంది. పొద్దున పాసింజరుకు వికారాబాద్ వెళ్ళేటప్పుడు వాడి మొహం చూడాలి, పెళ్ళికి పోతున్నట్టు ఉండేది.

పండగకు కొంచెం ముందు, ఒక మధ్యాహ్నం, డబ్బా ఒప్పుకుంది. మూత మూశాడు, నకలు ఒక్కటే ఉంది లోపల, అసలు డిస్కు నా ఒళ్ళో ఉంది. తెర నల్లబడింది, తెల్లబడింది, కారు వచ్చింది! నేను అరిచాను. నాయనమ్మ పళ్ళులేని నోటితో నవ్వి వాడి బుగ్గలు పుణికింది. అన్న ఏడ్చాడు, నేను చూడలేదనుకుని కళ్ళు తుడుచుకున్నాడు. వరుసగా పెట్టి చూశాం, ప్రతిసారీ నడిచింది. ఇది నేను ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, తరువాత మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు కాబట్టి.

దసరా పొద్దున అమ్మ పళ్ళెం పట్టుకుని ఇంట్లో యంత్రాలన్నిటికీ బొట్లు పెట్టింది. కుట్టుమిషన్, మిక్సీ, నీళ్ళ మోటారు, చివరికి చిన్నాన్న స్కూటరు. వసారాలో అన్న సిద్ధంగా పెట్టుకున్న డబ్బా దగ్గరికి రాగానే నాన్న ఆపాడు. "దానికద్దు. నడిచినంక పెడుదురు." అన్న తలదించుకున్నాడు. తరువాత ఆ పళ్ళెం ఇంట్లోనే వదిలి అందరం కొట్లో పూజకు వెళ్ళాం, నాయనమ్మ తప్ప.

మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో చాపలు పరిచారు. చిన్నాన్న, చిన్నమ్మ, మేనత్తలు, వీధివాళ్ళు కొందరు కూర్చున్నారు. నాయనమ్మ తన గది గడపలో, లోపలివైపే కూర్చుంది. అన్న డబ్బా తెచ్చి టీవీకి తగిలించి, మూత కొంచెం ఎత్తి, చూసుకోకుండానే నకలు లోపల పెట్టి మీట నొక్కాడు. డిస్కు తిరిగింది. టిక్కు టిక్కు మంది. తెర నల్లగానే ఉంది. మళ్ళీ నొక్కాడు. టిక్కు టిక్కు. అదే కంగారులో, లోపల చూడకుండానే అసలు డిస్కు మార్చి పెట్టాడు. అదీ నడవలేదు. చిన్నాన్న గొంతు సవరించుకున్నాడు. నాకు చిన్నాన్న మీదే అనుమానం వచ్చింది. కొట్లో ఆయనకు తోడు కావాలి, అన్న గద్దె మీద కూర్చుంటే ఆయనకు హాయి. మరుక్షణం ఆ వికారాబాద్ పోరడి మీదికి పోయింది, కావాలనే పాడు డిస్కు ఇచ్చాడేమో. పొగ వాసన పడని అమ్మను కూడా నేను వదల్లేదు.

అన్న మూత పూర్తిగా తెరిచాడు. నేను వాడి భుజం మీదుగా వంగి చూశాను. కన్ను మీద కుంకుమ బొట్టు ఉంది. పసుపునీళ్ళతో తడిపి, నిండుగా, జాగ్రత్తగా పెట్టిన బొట్టు. తడి లోపలికి దిగి ఎండి గట్టిపడింది. అన్న చొక్కా అంచుతో తుడిచాడు, కుంకుమ రవ్వలు గరగరమని గీసుకున్నాయి, కన్ను మసకబారిపోయింది. నేను వెంటనే అందరి వేళ్ళూ చూశాను, అది నా బుద్ధి. కానీ ఆ రోజు అందరూ పూజ చేసి వచ్చారు, అందరి వేళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. ఎర్రగా ఉండకూడని వేలు ఆ ఇంట్లో ఒక్కటే. గడప దగ్గర నాయనమ్మ చేయి మోకాలి మీద ఉంది. ఉంగరపు వేలి కొస ఎర్రగా ఉంది. ఆమె కళ్ళు టీవీ మీదే ఉన్నాయి, ఇప్పుడో ఇంకాసేపట్లోనో కారు వస్తుందని నవ్వుతూ చూస్తోంది.

"నాయినా, గిటు సూడు..." అని నేను నోరు తెరిచానో లేదో, అన్న నా చేయి పట్టుకుని గట్టిగా గిల్లాడు. వాడూ ఆ వేలు చూశాడు. మూత మూసి లేచి నిలబడ్డాడు.

"నా వైరింగే తప్పైంది నాయినా. కాలిపోయింది."

"నేను ముందే అనుకున్న" అన్నాడు నాన్న. గొంతులో గెలిచిన సంతోషం కూడా లేదు. "రేపటి సంది గద్దె మీద కూసో."

సాయంత్రం మేడ మీద వాడిని పట్టుకుని కడిగేశాను. "పిచ్చోనివా? గా బొట్టు ఎవరు వెట్టిండ్రో చెప్తే నాయిన నీకు ఇంకోపారి నడిపియ్యనిస్తుండె గద! నీ సదువు వాయె!" వాడు పిట్టగోడ మీద కూర్చున్నాడు. "టైరు పేలితేనే అన్ని మాటలన్నరు. పండుగనాడు కుంకుమ ముట్టింది, మిషన్ ఆగింది అని తెలిస్తే ఊకుంటరా? బతికినన్ని దినాలు అంటరు. నా మిషన్‌కు ఎవ్వరు బొట్టు వెట్టలేదు. ఆమె వెట్టింది. నేనే ఆమెను వట్టియ్యాల్నా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. వాడి మీద కోపంతో వచ్చిందో, వాడి కోసం వచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేను.

అన్న వికారాబాద్ పాసింజరు ఎక్కడం మానేశాడు. ముక్కుకు రుమాలు కట్టుకుని గద్దె మీద కూర్చున్నాడు. తుమ్ముతూనే బేరం నేర్చుకున్నాడు. నేను పొద్దున్నే రైలు కూత వినబడితే వాడి మొహం చూసేదాన్ని. వాడు త్రాసు పళ్ళాలు తుడుస్తూ ఉండేవాడు. కొన్ని నెలలు పోయాక చూడటం మానేశాను, చూడలేక.

మరుసటి దసరాకు కొట్లో పూజ. గద్దె మీద ఎవరు కూర్చుంటే త్రాసుకు మొదటి బొట్టు వాళ్ళదే, అది మా ఇంటి ఆచారం. నాన్న పళ్ళెం అన్న చేతికిచ్చి, "ఇగ నువ్వే పెట్టు" అన్నాడు, కాస్త గర్వంగానే. అన్న పళ్ళెం పట్టుకుని కొట్లోంచి బయటికి నడిచాడు. ఎక్కడికి పోతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. వచ్చేటప్పుడు ఇంకో చేత్తో నాయనమ్మను పట్టుకుని నడిపించుకొచ్చాడు. చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న "ఏందిరా గిది?" అన్నాడు.

"గద్దె నాదంటివి గద నాయినా. నా త్రాసుకు మా నాయనమ్మ వెడ్తది."

నాన్న త్రాసు ముందునుంచి పక్కకు జరిగాడు. నాయనమ్మ ఉంగరపు వేలు కుంకుమలో ముంచి, త్రాసు దాకా తెచ్చి, అక్కడే ఆపి, అన్న మొహంలోకి చూసి మెల్లగా అడిగింది: "ఇది ఖరాబ్ కాదు గద కొడుకా?"

నేను పక్కనే ఉన్నాను, విన్నాను. అన్న ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఇది ఇనుముది నాయనమ్మా. దీనికేం గాదు. నువ్వు పెట్టు" అన్నాడు. ఆమెకు ఎప్పటి నుంచి తెలుసో, ఏడాది పొడుగునా ఆ మాట గుండెల్లో పెట్టుకుని ఎలా గడిపిందో నేను అడగలేదు. లోకంలో అందరినీ అడిగే నేను ఆమెను మాత్రం అడగలేకపోయాను. ఆ తరువాత నాయనమ్మకు ఎక్కువ దసరాలు మిగల్లేదు. మిగిలినవన్నీ మాత్రం ఆమెవే.