క్రాసులు కోసిన షెడ్డు

నంద్యాలలో నా ఆఫీసుకు షెడ్డు డ్రాయింగు గీయించుకోవడానికి వచ్చే ప్రతివాడూ మొదట అడిగేది ఒకటే: "సార్, ఎంత బరువు తట్టుకుంటాది?" ఎంత గాలి తట్టుకుంటుందని అడిగినవాడు ఇన్నేళ్లలో ఒక్కడూ తగల్లేదు. మా వైపు రేకుల షెడ్డుకు భయం పైనుంచి పడే బరువుతో కాదు, కింద దూరి కప్పును ఎత్తే గాలితో. ఎండాకాలం సాయంత్రాలు నల్లమల వైపు నుంచి లేస్తుంది. ఉండేది పది నిమిషాలే. ఉన్నంతసేపూ పెళ్లిపందిరనీ చూడదు, కరెంటు స్తంభమనీ చూడదు. ఎండకు ఇనుము సాగుతుందని బోల్టు రంధ్రాలు కాస్త పొడుగ్గా పెడతాను, నల్లరేగడి వానకు ఉబ్బుతుందని పునాది లోతుగా తీయిస్తాను. ఇవన్నీ చెబుతుంటే వచ్చినవాళ్లు ఆవలిస్తారు. నాకు ఒళ్లు మండుతుంది.

ఆళ్లగడ్డ దగ్గర ఒక పప్పుమిల్లుకు షెడ్డు గీసిచ్చాను. యజమాని పాత రైతు కుటుంబం మనిషి, మర్యాదస్తుడు, టీ తాగించకుండా ఎవర్నీ పంపడు. కప్పు వేయడం అయ్యాక, పక్కలకు రేకులు ఇంకా కొట్టకముందు, బోల్టులు చూద్దామని ఎండాకాలం ఒక సాయంత్రం వెళ్లాను. తూర్పు వరసలో ఉత్తరం కొసన క్రాసులు లేవు. రెండు స్తంభాల మధ్య ఇంటూ మార్కులా ఏటవాలుగా బిగించే కడ్డీలను మా వాళ్లు క్రాసులంటారు. గాలి తోస్తే స్తంభాల వరస ఒరిగిపోకుండా పట్టుకునేవి అవే. ఆ వరసకంతా దన్ను ఆ ఒక్క జతే. వాటిని యజమాని శుభ్రంగా కోయించి, మిగిలిన మొండి ముక్కల మీద రంగు కూడా పూయించాడు.

"సిద్ధాంతి గేటు ఈశాన్యంలోనే పెట్టమన్యాడు సార్. లారీ రావాలంటే కడ్డీలు అడ్డమొస్తాండాయి. కోపిచ్చినా," అన్నాడు.

"మరి పక్క రెండు స్తంభాల మధ్యనన్నా బిగించాల గదన్నా. ఒక్కరోజు పని."

"బిగిస్తాంలే. వెల్డరు డోన్‌లో ఉండాడు, రానీ. ఇంత ఇనుముంది, యాడికి పోతాది?"

సిద్ధాంతి నోటిమాట ముందు నా డ్రాయింగు మీది సంతకం ఏపాటి? గొంతు పెంచాను. ఆయన నవ్వి, నాకు కుర్చీ వేయించాడు. నవ్వే మనిషి మీద ఎంతసేపని అరుస్తాం?

టీ గ్లాసు చేతిలో ఉండగానే ఆకాశం నల్లబడి గాలి లేచింది. కళ్లల్లో దుమ్ము పడుతుంటే యజమాని నన్ను లాక్కెళ్లి కారులో కూర్చోబెట్టాడు. పక్క చేలో పది పన్నెండు మంది ఆడవాళ్లు ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఏరుతున్నారు. ముందు పసుపు మీద పట్టలు కప్పి అంచులకు రాళ్లు పెట్టారు. అంతలో వాన మొదలైతే కొంగులు నెత్తిన వేసుకుని, పరుగున వచ్చి షెడ్డులో దూరారు.

కారు అద్దం దించి అరిచాను: "బయటికి రాండి! ఆడ నిలబడద్దండి, బయటికి రాండి!"

వాళ్లు నన్ను చూశారు, వానను చూశారు, ఇంకాస్త లోపలికి జరిగారు. కూలిపోతుంది అని ఒక్క మాట అంటే చాలు. నేను గీసిన షెడ్డు కూలుతుందని, యజమాని పక్కనుండగా, నా నోటితో అనలేకపోయాను. నా బతుకులో ఇంతకంటే సిగ్గుపడే సంగతి ఇంకోటి లేదు. అనలేక, చూస్తూ కూర్చోలేక, కారు దిగి నేనూ ఆ షెడ్డులోకే పరుగెత్తాను.

స్తంభం మీద చెయ్యి వేస్తే సన్నని వణుకు తెలుస్తోంది. పైన రేకులు లేచి పడుతున్నాయి. ఏ స్తంభం ముందు ఒరుగుతుందో, దాని వెనక ఏది పోతుందో నాకు వరసగా తెలుసు. నాకు తెలిసిన లెక్కలన్నీ కలిసినా అప్పుడు ఒక్క రేకును పట్టి ఆపలేవు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తడిసిన జుట్టు పిండుకుంటూ ఏదో అనుకుని నవ్వుకుంటున్నారు.

గాలి పడిపోయింది. షెడ్డు నిలబడే ఉంది. యజమాని కారును గేటు దాకా తెచ్చి అద్దం దించాడు.

"చూసినావా సార్? ఏమన్నా అయ్యిందా? ఊరికే భయపడతావు."

ఇక ఆ క్రాసులు ఎప్పటికీ బిగించడని అప్పుడే తెలిసిపోయింది. వచ్చే గాలికి ఈ గాలినే సాక్ష్యంగా చూపిస్తాడు.

ఆడవాళ్లలో పెద్దామె నా ముందుకు వచ్చి నిలబడింది. చేతులు మోచేతుల దాకా పసుపు.

"ఏంటికప్పా అట్ల తరిమినావ్ మమ్మల్ని? కూలోల్లు రోంతసేపు నిలబడితే మీ షెడ్డు అరిగిపోతాదా?"

నోరు తెరిచాను. యజమాని కారులోంచి నా వైపే చూస్తున్నాడు.

"వాన నిలిచిందిలేమ్మా," అన్నాను, "ఇంక పోండి."