నేను రాసిన పుట్టినరోజు

తాండూరు నుంచి వికారాబాదు పోయే రైల్లో ఎదుటి సీటాయన నాకు దండం పెట్టాడు. నేను పంతులుగా మొదట చేరిన బడిలో చదివాడట. నాకేమో ఆయన మొహం ఎంతకీ గుర్తు రాలేదు.

“నా పుట్టినరోజు మీరే రాసిన్రు సార్. ఆ లెక్కన వచ్చే నెల రిటైరైత. రెండేండ్లు ఎక్కువ రాసిన్రని మా అమ్మ అనేది. నిజమేంది సార్?”

“తలమీదికెల్లి చెయ్యేస్తే అవతలి చెవి అందాలె. అందితే ఐదేండ్లని రాసేటోళ్లం” అన్నాను. బడి మూతపడకూడదని, అందని పిల్లలను కూడా చేర్చుకున్న సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆయన అక్కడే చెయ్యి తలమీదుగా వేసి చెవి పట్టుకున్నాడు.

“నాకప్పుడు అందిందా సార్?”

“అందింది.”

“అయితే మా అమ్మనే మర్చిపోయింది” అని నెమ్మదిగా చెయ్యి దించాడు.

అందిందో లేదో నాకిప్పటికీ తెలియదు.